చేతకాక కాదు

శ్రోతలకు నమస్కారం.

మడికొండ ఐటీ పార్కులోనో, ఎనుమాముల మార్కెట్లో పద్దులు రాసే చోటనో ఒక కుర్రాడు ఉన్నాడనుకోండి. లెక్కలో తేడా వస్తే అందరూ అతన్నే పిలుస్తారు. కానీ సారు నడుచుకుంటూ పోతూ "ఆ పాత ఫైలు చూడు, మొన్నటి మెయిల్‌కు జవాబు పెట్టు, వీలైతే రిపోర్టు కూడా పంపు" అంటే అక్కడే ఆగిపోతాడు. ఏది ముందు? వీలైతే అంటే ఇవాళా, రేపా? సాయంత్రానికి ఒక్కటీ తెమలదు. "వీడికి శ్రద్ధ లేదు" అనేస్తారు.

నా బాధంతా ఆ మాట గురించే. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా ఉన్నవాళ్ల మెదడు పనిచేసే తీరు వేరు. ఏడీహెచ్‌డీ ఉంటే పని మొదలుపెట్టడం, చెప్పింది గుర్తుపెట్టుకోవడం, టైమ్ ఎంత గడిచిందో గ్రహించడం కష్టమవుతుంది. ఆటిజం ఉన్న చాలామందికి సగం చెప్పి సగం అర్థం చేసుకోమంటే కుదరదు. పక్క టేబుల్ మీద మోగే ఫోన్ కూడా కొందరికి భరించరానిదే. డిస్లెక్సియాలో చదవడం నెమ్మది, తెలివి కాదు.

ఇలాంటివాళ్లకు ఉద్యోగంలో తోడుండే కోచ్‌లు ఉంటారు. మందులిచ్చే డాక్టర్లు కారు. బ్రిటన్‌లో 'యాక్సెస్ టు వర్క్' అనే ప్రభుత్వ పథకం ఇలాంటి కోచింగ్‌కు డబ్బిస్తుంది. మన వైపు ఇదింకా కొత్త. ఉద్యోగం రావడానికి హనుమకొండలో వేలకు వేలు ఫీజులు కడతాం. వచ్చిన ఉద్యోగంలో నిలదొక్కుకోవడానికి సాయం అడగాలంటే నామోషీ, సంబంధాలు రావేమోనని భయం.

మంచి కోచ్ ముందుగా పని ఎక్కడ చిక్కుపడుతోందో చూస్తారు. ఆ కుర్రాడితో, సారు చెప్పిన వెంటనే ఆయనకే రెండు లైన్లు రాయిస్తారు: "ముందు రిపోర్టు, నాలుగింటికల్లా ఇస్తాను. మెయిల్ రేపు పొద్దున. సరేనా సార్?" రిపోర్టు అంటే టెన్షన్ పడుతుంటే, ఫైలు తెరిచి మొదటి కాలమ్ నింపడమే మొదటి పని అని విడగొడతారు. వారం తర్వాత కూర్చుని ఏది పనిచేసిందో చూస్తారు, పనిచేయనిది మార్చేస్తారు. అతను ఒప్పుకుంటే సారుతోనూ మాట్లాడతారు. నా దృష్టిలో ఇదే అసలైన పని. లేకపోతే మారాల్సిన భారమంతా ఆ కుర్రాడి మీదే పడుతుంది. తన పరిస్థితి ఎవరికి చెప్పాలో, చెప్పాలో వద్దో నిర్ణయం మాత్రం పూర్తిగా అతనిదే.

చట్టం కూడా తోడుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఆటిజం, డిస్లెక్సియా వంటి అభ్యసన లోపాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం అందులో లేదు, ఆ లోటు పూడాలి. ప్రభుత్వ సంస్థలు ఉద్యోగి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలని 20వ సెక్షన్ చెబుతుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో వైకల్యం ఉన్నవాళ్లకు ఇచ్చే 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, అభ్యసన లోపాలు ఉన్నవాళ్లకూ చోటుంది. సర్టిఫికెట్ కోసం ప్రభుత్వ వైద్య పరీక్షకు వెళ్లాలి.

పైఅధికారులెవరైనా వింటుంటే ఒక్క మనవి. రేపు పని అప్పజెప్పేటప్పుడు ఏది ముందో, ఎప్పటికి కావాలో రాసివ్వండి. దానికి కోచ్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.