పగడం ముక్క మెషీన్‌లోకి వెళ్లే ముందు ఏం జరగాలి?

[తెర మీద: నీటి అడుగున పక్కపక్కనే రెండు పగడాలు. ఒకటి గోధుమ రంగులో, రెండోది తెల్లగా]

హవాయిలోని ఓహు దీవి తూర్పు తీరాన కానియోహే అనే అఖాతం ఉంది. 2015లో సముద్రం వేడెక్కినప్పుడు అక్కడి పగడాలు చాలా తెల్లబడ్డాయి. కానీ అన్నీ కాదు. మోంటిపోరా కాపిటాటా అనే ఒకే జాతి, ఒకే చోట, పక్కపక్కనే పెరుగుతున్న రెండింటిలో ఒకటి పాలిపోతే రెండోది రంగు కోల్పోలేదు. అలాంటి జతలకు పరిశోధకులు గుర్తులు పెట్టారు. కొన్నేళ్ల తర్వాత వాటి లోపలి రసాయనాలను పోల్చి చూశారు. పగడం లోపల బతికే ఆల్గే తయారుచేసే కొన్ని కొవ్వుల్లో, అంటే బీటైన్ లిపిడ్లలో, తేడా స్పష్టంగా కనిపించింది. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి.

ఇలాంటి వార్త చదివినప్పుడు మన దృష్టంతా ఆ పెద్ద మెషీన్ మీదకే పోతుంది. ఆ మెషీన్ పేరు మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే అణువులను వాటి బరువును బట్టి గుర్తించేది. అది గొప్పదే. కానీ అది తన చేతికి వచ్చినదాన్ని మాత్రమే చూడగలదు. శాంపిల్ తీసేటప్పుడు చెడిపోయినదాన్ని ఎంత ఖరీదైన మెషీనూ బాగుచేయలేదు. అందుకే ఈ వీడియో అంతా మెషీన్‌కి ముందు జరిగే పని గురించే.

[తెర మీద: ఒక పాలిప్ (పగడాన్ని కట్టే చిన్న జంతువు) బొమ్మ. కణజాలంలో గోధుమ రంగు చుక్కలు, కింద తెల్లని గూడు]

ముందు మనం దేన్ని పట్టుకుంటున్నామో చూద్దాం. ఇది ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం కాదు, దిబ్బలు కట్టే పగడం. పైన పల్చటి పొరలా జంతువు కణజాలం. ఆ కణాల లోపల సూర్యకాంతితో చక్కెరలు తయారుచేసే ఆల్గే. జిగురులోనూ కణజాలంలోనూ బ్యాక్టీరియా. అడుగున కాల్షియం కార్బొనేట్‌తో కట్టిన గట్టి గూడు. ఆ గూడు కూడా ఖాళీ కాదు. దాన్ని తొలుచుకుని ఆస్ట్రియోబియం అనే పచ్చటి ఆల్గే బతుకుతుంది. పగడాన్ని విరిచినప్పుడు లోపల కనిపించే ఆకుపచ్చ చార చాలాసార్లు దానిదే.

కాబట్టి "పగడం జీవక్రియ" అన్నప్పుడు ఎవరి జీవక్రియ? ఈ ప్రశ్నకు జవాబు శాంపిల్ తీయకముందే తేల్చుకోవాలి. తర్వాత చేసే ప్రతి పనీ దాని మీదే ఆధారపడుతుంది.

[తెర మీద: బోన్ కట్టర్‌తో చిన్న కొమ్మను కత్తిరించడం]

ఇప్పుడు అసలు టెన్షన్ మొదలవుతుంది. కొమ్మ విరిగిన క్షణం నుంచి పగడానికి అది గాయం. నీటి నుంచి బయటికి తీస్తే జిగురు కార్చడం మొదలుపెడుతుంది. లోపల ఎంజైములు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ లాంటి అణువుల పరిమాణం సెకన్లలోనే మారిపోతుంది. మీరు తాపీగా లేబుల్ రాసుకుంటూ కూర్చుంటే, చివరికి కొలిచేది సముద్రంలో ఉన్న పగడాన్ని కాదు, పడవ మీద అల్లాడుతున్న పగడాన్ని.

అందుకే ట్యూబులు, లేబుళ్లు, లిక్విడ్ నైట్రోజన్ అన్నీ ముందే సిద్ధంగా ఉండాలి. ముక్కను కత్తిరించి, శుభ్రమైన సముద్రపు నీటిలో ఒక్కసారి ముంచి, వెంటనే నైట్రోజన్‌లోకి వేయాలి. అది మైనస్ 196 డిగ్రీలు. ఆ చలికి ఎంజైములు ఆగిపోతాయి. ముక్క చిన్నదిగా ఉండాలి. పెద్ద ముక్క పైపైన గడ్డకట్టినా లోపల ఇంకా కాసేపు వెచ్చగానే ఉంటుంది. మామూలు ఐసులో పెట్టి ఒడ్డుకు తెస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. ఐసు జీవక్రియను నెమ్మది చేస్తుంది, ఆపదు.

లిక్విడ్ నైట్రోజన్‌తో జాగ్రత్త. తగిన గ్లవ్స్, ముఖానికి షీల్డ్ తప్పనిసరి. గాలి ఆడని గదిలో వాడకూడదు, ఎందుకంటే అది ఆవిరై ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. నైట్రోజన్ లోపలికి చేరిన ట్యూబుకు మూత బిగిస్తే, వెచ్చబడగానే అది పేలుతుంది.

ఇంకో మాట, గడియారం గురించి. పొద్దున ఆరింటికి తీసిన ముక్కా, మధ్యాహ్నం రెండింటికి తీసిన ముక్కా ఒకటి కావు. ఎండ ఉన్నంతసేపూ ఆల్గే చక్కెరలు చేస్తూనే ఉంటుంది. పోల్చాలనుకున్న శాంపిల్స్ అన్నీ ఒకే వేళకు, ఒకే వెలుతురులో తీయాలి. ల్యాబ్ ట్యాంకుల్లో ప్రయోగం అయితే, ముక్కలను చిన్న దిమ్మెల మీద అతికించి, గాయం మానే వరకు ఆగాలి. ఈ ఆగడం విసుగే. కానీ ఆగకపోతే మీరు చూసేది వేడి ప్రభావమో, కోత ప్రభావమో తెలియదు.

[తెర మీద: పొగలు కక్కుతున్న కల్వం]

ల్యాబ్‌కి చేరాక శాంపిల్‌ను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచుతారు. తర్వాత కణజాలాన్ని ఎలా బయటికి తీయాలి? ఎక్కువమందికి తెలిసిన పద్ధతి ఎయిర్ బ్రష్. గాలి, ద్రవం కలిపి జోరుగా కొడితే కణజాలం ఊడి వస్తుంది, గూడు మిగులుతుంది. ప్రొటీన్ కొలవడానికీ, ఆల్గే కణాలు లెక్కపెట్టడానికీ ఇది చక్కగా పనికొస్తుంది. మెటబొలైట్లకు, అంటే జీవక్రియలో తయారయ్యే చిన్న అణువులకు మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను. ఆ కొట్టే నిమిషాల్లో కణజాలం కరుగుతుంది, ఎంజైములు మళ్లీ మేలుకుంటాయి.

దానికి బదులు గడ్డకట్టిన ముక్కనే, ముందే చల్లబరిచిన కల్వంలో వేసి, నైట్రోజన్ పోస్తూ బియ్యప్పిండిలా నూరతారు. కరగదు కాబట్టి రసాయనాలు అలాగే ఉంటాయి. దీనికీ ఒక చిక్కు ఉంది. గూడు కూడా పొడిలో కలుస్తుంది, దాంతోపాటు ఇందాక చెప్పిన ఆస్ట్రియోబియం కూడా. కొందరు నూరకుండా ముక్కను నేరుగా చల్లటి మిథనాల్‌లో ముంచి పైపొరలోని పదార్థాలను లాగుతారు. ఏది ఎంచుకున్నా అన్ని శాంపిల్స్‌కూ అదే పద్ధతి పాటించాలి.

జంతువునూ ఆల్గేనూ విడివిడిగా చూడాలంటే ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పుతారు. బరువైన ఆల్గే కణాలు అడుగుకు చేరతాయి, జంతువు భాగం పైన ద్రవంలో ఉంటుంది. అయితే తిప్పే లోపు కొన్ని అణువులు ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి కారిపోతాయి. ఎంత త్వరగా, ఎంత చల్లగా చేస్తే అంత మంచిది.

[తెర మీద: గాజు సీసాలు, ఫ్యూమ్ హుడ్]

తర్వాత వెలికితీత. నీటిలో కరిగే చక్కెరలు, అమైనో ఆమ్లాలు కావాలంటే చల్లటి మిథనాల్, నీళ్ల మిశ్రమం. కొవ్వులు కూడా కావాలంటే క్లోరోఫామ్ కలుపుతారు. ఈ పద్ధతికి మూలం 1959లో బ్లై, డయర్ అనే ఇద్దరు చేపల కొవ్వు కోసం రూపొందించిన విధానం. మిథనాల్, క్లోరోఫామ్ రెండూ విషపూరితమే. ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ అనే అరలో తప్ప వాటిని ముట్టుకోవద్దు. గాజు సీసాలే వాడండి. ప్లాస్టిక్ నుంచి ఊడిపడే రసాయనాలు మెషీన్‌లో చక్కగా కనిపిస్తాయి, అవేవో పగడానివే అనిపిస్తాయి. లేబుల్ పెన్సిల్‌తో రాయండి. మార్కర్ ఇంకు మిథనాల్ తగిలితే చెరిగిపోతుంది.

పగడానికి ప్రత్యేకమైన తలనొప్పి ఉప్పు. సముద్రపు ఉప్పు మాస్ స్పెక్ట్రోమీటర్‌లో మిగతా అణువుల సంకేతాన్ని అణిచేస్తుంది. దాన్ని వడగట్టడానికి ప్రత్యేక ఫిల్టర్ కాలమ్ వాడతారు. ఆ కాలమ్ చిన్న చక్కెరలను కూడా కొంత పోగొడుతుంది. రెండూ దక్కవు, ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి.

ముక్కలన్నీ ఒకే సైజులో ఉండవు కాబట్టి, పోల్చడానికి ప్రతి రీడింగునూ ఏదో ఒక కొలతతో భాగించాలి. మరి దేనితో భాగించాలి? నా దృష్టిలో ఎక్కువ తప్పుడు నిర్ణయాలు జరిగేది ఇక్కడే. తెల్లబడిన పగడంలో ఆల్గే తక్కువ, తరచూ ప్రొటీన్ కూడా తక్కువ. ఆల్గే కణాల లెక్కతో భాగిస్తే, తగ్గిన పదార్థం కూడా పెరిగినట్టు కనబడుతుంది. అందుకే ఉపరితల వైశాల్యాన్ని కొలుస్తారు. 1970లో మార్ష్ సూచించిన పద్ధతిలో అల్యూమినియం రేకును పగడానికి చుట్టి, ఆ రేకును తూకం వేసి, బరువును బట్టి వైశాల్యం లెక్కగడతారు. మైనంలో ముంచి తూచేవాళ్లూ, త్రీడీ స్కానర్ వాడేవాళ్లూ ఉన్నారు.

పగడం లేకుండా అవే దశలన్నీ దాటించిన ఖాళీ శాంపిల్ ఒకటి, అన్ని శాంపిల్స్ నుంచి కొద్దికొద్దిగా కలిపిన మిశ్రమం ఒకటి తయారుచేసుకోండి. మిశ్రమాన్ని మధ్యమధ్యలో మెషీన్‌లో నడపండి. దాని రీడింగ్ మారుతుంటే మారింది పగడం కాదు, మెషీన్.

[తెర మీద: భారతదేశ పటం. మన్నార్ సింధుశాఖ, కచ్, లక్షద్వీప్, అండమాన్ గుర్తులతో]

ఈ పని నేర్చుకోవాలనుకునే మన విద్యార్థులకు ఒక మాట. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు, మంచినీరు వల్ల మన తీరంలో పెద్ద పగడపు దిబ్బలు పెరగవు. మన్నార్, కచ్, లక్షద్వీప్, అండమాన్ వైపు వెళ్లాలి. దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టంలో ఒకటో షెడ్యూల్ రక్షణ ఉంది. అనుమతి లేకుండా చిన్న ముక్క కూడా తీయకూడదు.

చేయి తిరగడానికి అసలు పగడమే అక్కర్లేదు. ఐప్టేసియా అనే చిన్న సీ అనిమోన్ ఉంది. పగడాల్లో ఉండే ఆల్గే కుటుంబమే దాని కణాల్లోనూ బతుకుతుంది, గట్టి గూడు ఉండదు, ల్యాబ్ ట్యాంకులో సులువుగా పెరుగుతుంది. గడ్డకట్టించడం, నూరడం, వెలికితీయడం అన్నీ ముందు దాని మీద సాధన చేయండి. ఒకే అనిమోన్‌ను సమానంగా పంచి నడిపినప్పుడు రెండు రీడింగులూ కలిస్తే, అప్పుడు పగడం కోసం అనుమతికి దరఖాస్తు పెట్టండి.