ఫోన్-ఇన్: డీజిల్ ఎస్‌యూవీ కొనాలా, విద్యుత్ ఎస్‌యూవీ కొనాలా?

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. కొండదారులకూ మట్టిదారులకూ తయారుచేసిన డీజిల్ ఎస్‌యూవీ తీసుకోవాలా, కుటుంబ ప్రయాణాలకు అనువైన విద్యుత్ ఎస్‌యూవీ తీసుకోవాలా అన్నదే ఈ రోజు విషయం. వాహనాల పరీక్షలోనూ మరమ్మతులోనూ దీర్ఘకాలం పనిచేసిన నిపుణులు మనతో ఉన్నారు. నమస్కారమండీ.

నిపుణులు: నమస్కారం. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట చెప్పనివ్వండి. ఈ రెండింటిలో ఏ బండి మంచిదని నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదు. రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో, అందులో తారు రోడ్డు దిగి ఎంత దూరం వెళుతున్నారో నెల రోజులపాటు ఒక నోటు పుస్తకంలో రాసుకున్నవారికి మాత్రం సగం జవాబు ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.

వ్యాఖ్యాత: మొదటి శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండి.

మొదటి శ్రోత: నమస్కారం సర్. మేము ఐదో అంతస్తులో ఉంటాము. విద్యుత్ బండి తీసుకోవాలని ఉంది కానీ, పార్కింగ్‌లో ప్లగ్ పెట్టుకోవడానికి ఇంకా అనుమతి రాలేదు. బయటి ఫాస్ట్ ఛార్జర్లతోనే నెట్టుకురావచ్చా?

నిపుణులు: నెట్టుకురావచ్చు, కానీ ఆరు నెలలు గడిచేసరికి మీకే విసుగు పుడుతుంది. విద్యుత్ బండి సుఖమంతా రాత్రి ప్లగ్ పెట్టి పడుకొని, పొద్దున్నే నిండిన బ్యాటరీతో బయలుదేరడంలోనే ఉంది. మూడు కిలోవాట్ల ప్లగ్‌తో ఎనిమిది గంటలు పెడితే నష్టాలు పోను 20 యూనిట్లకు పైగా ఎక్కుతాయి. మామూలు కుటుంబ ఎస్‌యూవీ దాంతో 100 కిలోమీటర్లకు పైగా తిరుగుతుంది. ఆ సౌకర్యం లేకపోతే వారానికోసారి ఛార్జర్ దగ్గర వరుసలో నిలబడవలసి వస్తుంది. ముందు అనుమతి తెచ్చుకోండి, ఆ తరువాతే బండి బుక్ చేయండి. ఈ వరుస తారుమారు కానివ్వకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. తరువాతి శ్రోత.

రెండో శ్రోత: నమస్కారమండీ. నాది కొంచెం పెద్ద కథ. నాకు చిన్నప్పటి నుంచి కొండలెక్కే బండి అంటే మోజు. వెనక తలుపుకు స్టెప్నీ తగిలించి ఉండే ఆ ఎత్తైన బండిని చూస్తే ఇప్పటికీ ఆగి చూస్తాను. మా ఆవిడ మాత్రం విద్యుత్ బండే తీసుకుందామంటోంది. ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అమ్మ ఉంటాము. ఆఫీసు ఆరు కిలోమీటర్లు, పిల్లల బడి దారిలోనే వస్తుంది. సొంత ఇల్లు కాబట్టి ప్లగ్‌కు ఇబ్బంది లేదు. ఏడాదికోసారి కొండల్లోకి వెళతాము. మా స్నేహితుడేమో డీజిల్ బండి జీవితాంతం నడుస్తుందనీ, బ్యాటరీ బండి ఎనిమిదేళ్లకు పారేయాలనీ అంటున్నాడు. అందుకని...

నిపుణులు: ఆగండి, ఒక్కొక్కటిగా చూద్దాం. ఆఫీసుకు ఆరు కిలోమీటర్లు అన్నారు కదా? అంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే మీరు దిగిపోతారు. ఇప్పటి డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు దాదాపు 600 డిగ్రీల వేడి దగ్గర ఆ మసి కాలిపోవాలి, అందుకు పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా ఒకే వేగంతో నడిచే ప్రయాణం కావాలి. మీరు ఇంటి నుంచి బడికీ, బడి నుంచి ఆఫీసుకూ తిప్పుతూ ఉంటే, మసి కాలడం మొదలైన ప్రతిసారీ మధ్యలోనే ఇంజిన్ ఆపేస్తారు. మసి కాల్చడానికని అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి ఆయిల్‌ను పలచబరుస్తుంది. ఆయిల్ మట్టం తగ్గవలసింది పోయి పెరుగుతున్న బండ్లను నేను షెడ్డులో చాలా చూశాను, వాటి యజమానులు ఎక్కువమంది మీలాంటివారే. డీజిల్ బండి జీవితాంతం నడుస్తుందన్న మాట దూరప్రయాణాలు చేసేవారి విషయంలో కొంతవరకు నిజం.

రెండో శ్రోత: మరి బ్యాటరీ ఎనిమిదేళ్లకు పోదా?

నిపుణులు: ఎనిమిదేళ్లన్నది వారంటీ గడువు, బ్యాటరీ ఆయుష్షు కాదు. చాలా కంపెనీలు ఎనిమిదేళ్లకు లేదా 1,60,000 కిలోమీటర్లకు, ఏది ముందైతే దానికి, బ్యాటరీ సామర్థ్యం 70 శాతం కంటే తగ్గదని హామీ ఇస్తున్నాయి. గడువు దాటిన మర్నాడే బ్యాటరీ చచ్చిపోదు. ఒక్కసారి ఛార్జ్ చేస్తే వెళ్లే దూరం మెల్లగా తగ్గుతుంది. రోజుకు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు తిరిగే మీకు ఆ తగ్గుదల తెలియను కూడా తెలియదు.

రెండో శ్రోత: అది సరేనండీ, కానీ కొండలకు వెళ్లినప్పుడు? దారిలో వాగు పొంగితే? విద్యుత్ బండి నీళ్లలో దిగితే షాకు కొడుతుందని అంటారు కదా?

నిపుణులు: ఏడాదికి ఎన్ని రోజులు వెళతారు?

రెండో శ్రోత: నాలుగు రోజులు. మహా అయితే ఐదు.

నిపుణులు: ఆ ఐదు రోజుల్లో తారు రోడ్డు దిగి ఎంత దూరం వెళతారు?

రెండో శ్రోత: విడిది గృహం దాకా ఒక మూడు కిలోమీటర్ల కంకర దారి ఉంటుంది.

నిపుణులు: మూడు కిలోమీటర్ల కంకర దారికి, వేగం తగ్గించి లాగే బలం పెంచే లో రేంజ్ గేరు ఎందుకండీ? నిచ్చెనలాంటి గట్టి చాసిస్ అంటే అడుగు చట్రం, రెండు పక్కల చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్, లో రేంజ్ గేరు అన్నవి ఒక చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు, బండరాళ్ల మీద నడక వేగంతో ఎక్కవలసి వచ్చినప్పుడు పనికొస్తాయి. కంకర దారి మీద నిదానంగా నడిపితే విద్యుత్ బండి చక్కగా వెళుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. బ్యాటరీ నేల కిందే ఉంటుంది కాబట్టి రాయి తగలకుండా చూసుకోవాలి. తగిలిందన్న అనుమానం వస్తే బండిని లిఫ్టు మీద పెట్టి అడుగుభాగం చూపించాలి. ఇక షాకు సంగతి చెబుతాను. బ్యాటరీ పెట్టె నీరు చొరకుండా మూసి ఉంటుంది, లోపం కనిపెట్టగానే విద్యుత్తును తెంచేసే ఏర్పాటూ ఉంటుంది. అంతమాత్రాన వాగులో దిగమని నేను చెప్పడం లేదు.

రెండో శ్రోత: డీజిల్ బండి అయితే దిగవచ్చు కదా? దాని పుస్తకంలో 700 మిల్లీమీటర్ల లోతు నీటి దాకా అని ఉందట.

నిపుణులు: అది నిలిచి ఉన్న నీటికి చెప్పిన లెక్క. పారే నీరు 60 సెంటీమీటర్ల లోతుంటే చాలు, ఎస్‌యూవీలను కూడా తోసుకుపోగలదు. ఇంధనం డీజిలా విద్యుత్తా అని వాగు చూడదు. పైగా డీజిల్ ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టంలోకి నీళ్లు వెళితే, నీరు గాలిలాగా నొక్కుకుపోదు కాబట్టి లోపల పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఇంజిన్ విప్పవలసి వస్తుంది. పొంగిన వాగు కనబడితే ఏ బండైనా వెనక్కి తిప్పండి.

రెండో శ్రోత: అయితే ఇంతకీ నన్ను ఏది కొనమంటారు?

నిపుణులు: ఇప్పటిదాకా అదే చెబుతున్నానండీ! ఏడాదిలో ఐదు రోజుల కోసం, మిగిలిన మూడు వందల అరవై రోజులకు నప్పని బండి కొనకండి. అమ్మగారున్నారని అన్నారు, ఆవిడ మోకాళ్ల సంగతేమిటి?

రెండో శ్రోత: నొప్పులున్నాయండీ. ఆటో ఎక్కడానికే ఇబ్బంది పడుతుంది.

నిపుణులు: మరి ఆ మాట మొదట చెప్పవద్దా? కొండలెక్కే బండి నేల ఎత్తు ఎక్కువ. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టి, పిడి పట్టుకొని లేవవలసి వస్తుంది. విద్యుత్ బండి ఎక్కడం సులువే కానీ, అందులోనూ ఒక లోపం ఉంది, అమ్మేవారు దాన్ని చెప్పరు. బ్యాటరీ వల్ల లోపలి నేల కొంచెం పైకి లేస్తుంది కాబట్టి, కొన్ని బండ్లలో వెనక కూర్చున్నవారి మోకాళ్లు ఎత్తుగా ఉండి తొడలకు ఆసరా దొరకదు. గంటసేపు కూర్చుంటేగానీ ఇది తెలియదు. అమ్మగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి కనీసం గంటసేపు తిప్పి చూడండి, ఆవిడ చెప్పినదాన్నిబట్టి ఏ విద్యుత్ బండో నిర్ణయించుకోండి.

రెండో శ్రోత: అంటే మా ఆవిడే గెలిచిందన్నమాట.

నిపుణులు: నెల రోజులు రాసి చూడండి. లెక్క వేరుగా వస్తే మళ్లీ ఫోన్ చేయండి.

వ్యాఖ్యాత: చాలామంది లైన్లో ఎదురుచూస్తున్నారు. తరువాతి శ్రోత, క్లుప్తంగా చెప్పండమ్మా.

మూడో శ్రోత: సర్, నేను భూముల కొలత పని చేస్తాను. రోజుకు 150 కిలోమీటర్లు, అందులో సగం మట్టిదారి; వానాకాలంలో బురద. పరికరాలతో ట్రెయిలర్ కూడా లాగాలి.

నిపుణులు: మీరు డీజిల్ తీసుకోండమ్మా, సందేహమే వద్దు. ఒక లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది, 60 లీటర్ల ట్యాంకు అంటే 600 యూనిట్లు. ఇంజిన్ అందులో మూడో వంతే చక్రాలకు అందించినా 200 యూనిట్లు మిగులుతాయి. విద్యుత్ బండి మోటారు పొదుపైనదే కానీ, దాని బ్యాటరీలో పట్టేదే 75 యూనిట్ల దాకా. ఎత్తైన ట్రెయిలర్ తగిలిస్తే అది వెళ్లగలిగే దూరం సగానికి పడిపోవచ్చు, మీరు తిరిగే చోట ఛార్జరూ దొరకదు. లో రేంజ్ గేరు ఉన్న బండినే చూడండి. మీరు రోజూ దూరం తిరుగుతారు కాబట్టి ఇందాక చెప్పిన మసి ఫిల్టర్ బెడద మీకు అంతగా ఉండదు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తరువాతి శ్రోత.

నాలుగో శ్రోత: సర్, విద్యుత్ బండి ఆల్రెడీ కొన్నాను. రోజూ నూరు శాతం ఛార్జ్ చేయవచ్చా?

నిపుణులు: బ్యాటరీ రకాన్నిబట్టి ఉంటుంది. నికెల్, కోబాల్ట్ ఉన్న రకమైతే రోజువారీకి 80 శాతం దగ్గర ఆపి, దూరప్రయాణానికి ముందు రోజు మాత్రమే పూర్తిగా నింపండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే మిగిలిన ఛార్జ్‌ను బండి సరిగ్గా అంచనా వేసుకోవడానికి అప్పుడప్పుడు నూరు శాతం నింపమని చాలా కంపెనీలే చెబుతాయి. మీ బండి పుస్తకం చూడండి.

వ్యాఖ్యాత: చివరి ఫోన్, ఒక్క నిమిషమే ఉంది.

ఐదో శ్రోత: నమస్కారం. ఇందాక మాట్లాడినాయన భార్యను కాదు లెండి, కానీ మా ఇంట్లోనూ ఇదే గొడవ. మేము రెండు నెలలకోసారి 600 కిలోమీటర్లు వెళతాము. విద్యుత్ బండితో వీలవుతుందా?

నిపుణులు: వీలవుతుంది. దారిలో ఒకటి రెండు చోట్ల ఆగి, 10 శాతం నుంచి 80 శాతం దాకా ఛార్జ్ చేసుకొని బయలుదేరండి. 80 దాటాక ఛార్జింగ్ వేగం బాగా తగ్గిపోతుంది కాబట్టి నూరు నిండేదాకా కూర్చోవద్దు. ఛార్జర్ పనిచేయకపోతే పక్కనున్న మరో ఛార్జర్ ఎంత దూరంలో ఉందో ముందే చూసుకోండి. ఇంట్లో ప్లగ్ ఉందా?

ఐదో శ్రోత: ఉందండీ, కానీ అది మా...

వ్యాఖ్యాత: క్షమించండి, లైను తెగిపోయింది. సమయం కూడా అయిపోయింది. నిపుణులకు ధన్యవాదాలు.

నిపుణులు: ఆవిడ మళ్లీ చేస్తే ఆ ప్లగ్ ఎవరిదో కనుక్కోండి.