పిట్టలకి పొలం కౌలుకిస్తే ఎకరాకి ఎంత?

[తెరపై: కోతయిపోయిన వరి మడి. కొయ్యకాళ్ల మధ్య పలచగా నీళ్లు. బురదలో ముక్కులు గుచ్చుతున్న ఉల్లంకి పిట్టలు.]

చూడగానే మన మడే అనుకుంటారు గానీ, ఇది కాలిఫోర్నియాలోని శాక్రమెంటో లోయ. ఇక్కడ కొందరు వరి రైతులకి ఫిబ్రవరిలో పొలంలో నీళ్లు ఉంచినందుకు డబ్బులిస్తారు. పంట కోసం కాదు, పిట్టల కోసం!

ఈ లోయ కూడా భాగమైన కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఒకప్పుడున్న చిత్తడి నేలల్లో 90 శాతానికి పైగా పోయాయి. అలాస్కా దాకా ఎగిరే పక్షులు మాత్రం ఆ దారినే వస్తున్నాయి. దిగడానికి వాటికి వరి పొలాలే పెద్ద దిక్కు. 1991లో గడ్డి తగలబెట్టడానికి కళ్లెం వేస్తూ అక్కడ చట్టం వచ్చింది. దాంతో చాలామంది కోతయ్యాక మళ్లలో నీళ్లు నిలబెట్టి గడ్డిని కుళ్లబెట్టడం మొదలెట్టారు. పొగ తగ్గించడానికి తెచ్చిన చట్టం పిట్టలకి కలిసొచ్చింది.

[తెరపై: గట్టు దగ్గర మడి నీళ్లు వదిలేస్తున్న రైతు.]

చిక్కల్లా ఇక్కడే. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో రైతు నీళ్లు వదిలేస్తాడు. పొలం ఆరాలి, దున్నాలి కదా! ఉల్లంకులు ఉత్తరానికి తిరుగుముఖం పట్టేదీ ఇంచుమించు అప్పుడే. పొట్టి కాళ్ల పిట్టలు, లోతు నీళ్లలో నిలవలేవు. రెండు మూడు అంగుళాలు చాలు.

కొన్ని వారాల అవసరానికి వేల ఎకరాలు కొనడం ఏం లెక్క? అందుకే నేచర్ కన్జర్వెన్సీ అనే సంస్థ 2014లో 'బర్డ్‌రిటర్న్స్' మొదలెట్టింది. పొలం కౌలుకి తీసుకున్నట్టే, కాకపోతే వారాల లెక్కన.

మరి కౌలు ఎంత? నాకు బాగా నచ్చింది ఇదే. రేటు సంస్థ చెప్పదు. "ఎకరాకి ఇంతిస్తే ఇన్ని వారాలు ఉంచుతా" అని రైతే టెండర్ వేస్తాడు. తక్కువ అడిగి, పొలం కూడా పిట్టలకి నప్పితే ఓకే. ఒకరికి నీళ్లు చౌక. ఇంకొకరికి వారం ఆలస్యమైతే పనులన్నీ వెనకబడతాయి. ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఇదంతా ఎలా తెలుస్తుంది? రైతు వేసిన రేటులోనే తెలిసిపోతుంది.

ఏ పొలం నప్పుతుందో తేల్చడానికి, పక్షుల్ని చూసే మామూలు జనం ఈ-బర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేసిన లెక్కలు పనికొచ్చాయి. నీళ్లెక్కడున్నాయో ఉపగ్రహ చిత్రాలు చూపించాయి.

మొదటి సీజన్‌లోనే సుమారు 10 వేల ఎకరాలు చేరాయి, అదీ కరువు ఏడాదిలో. పథకంలో ఉన్న పొలాల్లో పిట్టలు మిగతా చోట్లకన్నా బాగా ఎక్కువ దిగాయని 2017లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో పరిశోధన వచ్చింది.

లొసుగు లేదా అంటే, ఉంది. డబ్బులు ఆగితే నీళ్లూ ఆగుతాయి. కరువులో నీటి ధర పెరిగితే టెండర్ రేట్లూ పెరుగుతాయి. పిట్టలకి ఎక్కువ అవసరమయ్యేదీ అప్పుడే.

[తెరపై: చింతచెట్టు మీద కొంగల గూళ్లు.]

మన పక్కనే, కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులో పక్షులు గూడు కట్టిన చింతచెట్ల యజమానులకి అటవీశాఖ పరిహారం ఇచ్చింది. మంచిదే. కానీ అక్కడ రేటు కట్టింది శాఖ. కాలిఫోర్నియా రైతు తన రేటు తనే చెప్తాడు, గిట్టదనిపిస్తే వచ్చే ఏడు టెండరే వేయడు.