ముకాకాలు చెప్పిందే లెక్క

తమ్ముడు: నమస్తే అండీ! అక్కా, పోయిన వారం ఉగాండా కథ చెప్తానని ఊరించి వదిలేశావు.

అక్క: చెప్తా, ఆగు. నైరుతి ఉగాండాలో న్యకగ్యేజి అని ఒక ఊరు. ఆ ఊరి కుర్రాడు ట్వెసిగ్యె జాక్సన్ కగురి చదువుకుని అమెరికా వెళ్లాడు. ఊళ్లో అన్న ఎయిడ్స్‌తో పోయాడు, తర్వాత తోడబుట్టినది కూడా. పిల్లలు మిగిలారు.

తమ్ముడు: అయ్యో.

అక్క: వాళ్లింటి ఒక్కదాని కథే కాదు. 2001లో భార్యతో ఊరికొస్తే ముసలమ్మలు వచ్చి సాయం అడిగారు. కొడుకుల్ని, కూతుళ్లని పూడ్చిపెట్టి మనవళ్లని సాకుతున్నవాళ్లు. అప్పుడు, అమెరికాలో ఇల్లు కొందామని దాచిన 5,000 డాలర్లు తీసి బడికి పెట్టారు. న్యాకా అనే సంస్థ అలా మొదలైంది.

తమ్ముడు: అక్కడ 1997 నుంచే ప్రైమరీ చదువు ఫ్రీ కదా?

అక్క: ఫీజు ఫ్రీ. యూనిఫాం ఎవరిస్తారు? నోటు పుస్తకాలో? అందుకే ఈ బడిలో అవన్నీ ఇచ్చి, అన్నం కూడా పెడతారు. అయినా సాయంత్రం ఆ పిల్లాడు వెళ్లేది కురిసే ఇంటికే కదా. నాకు నచ్చింది ఇక్కడే. అమ్మమ్మల్ని సంఘాలుగా కూర్చారు. అమ్మమ్మని వాళ్ల భాషలో ముకాకా అంటారు. లీడర్లని వాళ్లే ఎన్నుకుంటారు. ఎవరికి అప్పివ్వాలి, ఎవరికి ఇల్లు కట్టాలి, ఎవరికి మరుగుదొడ్డి, అన్నీ వాళ్లే తేలుస్తారు.

తమ్ముడు: మన డ్వాక్రా లాగా!

అక్క: డ్వాక్రాయే, కానీ కోడళ్ల బదులు అత్తలు.

తమ్ముడు: (నవ్వు) మొహమాటాలు, గొడవలు ఉండవా?

అక్క: ఉండకుండా ఎలా ఉంటాయిరా? కానీ ఎవరి పొయ్యి వెలగలేదో పక్కింటి ముసలమ్మకి తెలిసినట్టు ఆఫీసులో కూర్చున్నవాడికి తెలుస్తుందా? మనమే చూడు. దసరాకి అనాథాశ్రమానికి పాత బట్టలు మూటలు కట్టి మోసుకెళ్లాం.

తమ్ముడు: మూడు మూటలు. నా నడుం పోయింది.

అక్క: అక్కడి ఆయమ్మ మూటలన్నీ గదిలో ఒక మూల పెట్టింది. అప్పటికే అక్కడ పైకప్పు దాకా మూటలున్నాయి. మనం చెప్పులేసుకుంటుంటే మెల్లగా, 'ఈసారి సబ్బులు తెస్తారా అమ్మా, పిల్లలకి గజ్జి తగ్గట్లేదు' అంది.

తమ్ముడు: ఆ మాట ముందే అడగాల్సింది మనం.

అక్క: అడగలేదు కదా! ఆ ముకాకాల దగ్గరైతే మనల్ని మూటలతో సహా వెనక్కి పంపేవాళ్లు.

తమ్ముడు: సరే, ఈ ఆదివారం వెళ్దాం. ఎన్ని సబ్బులు?

అక్క: మళ్లీ అదే! ముందు ఫోన్ చెయ్యరా.