హీబ్రూ గుణింతం

(థియాలజీ కళాశాలలో కొత్తగా హీబ్రూ మొదలుపెడుతున్న విద్యార్థులకు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసినప్పుడే చెప్పాను, నేను పండితుణ్ణి కాదు సార్ అని. డిగ్రీ మధ్యలో వదిలేసి, జగిత్యాల దగ్గర మా పల్లె నుంచి ఇజ్రాయెల్ వెళ్లి, కేర్‌గివర్‌గా ఒక పెద్దాయన్ని చూసుకున్నవాణ్ణి. వ్యాకరణం మీకు మీ లెక్చరర్లు చెప్తారు. నన్ను అచ్చుల గురించి మాత్రం చెప్పమన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను, ఎందుకంటే వాటితో నేను పడ్డ తిప్పలు ఇంకా మర్చిపోలేదు.

తెల్ అవీవ్ పక్కనే రమత్ గన్ అని ఊరు. అక్కడ ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. పెద్దాయన్ని ఇంట్లో అందరూ సబా అనేవాళ్లు, అంటే తాత. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఏడాదిన్నర తిరిగేసరికి మాట్లాడ్డం వచ్చేసింది. కూరగాయల కొట్లో బేరం కూడా ఆడేవాణ్ణి. చదవడం మాత్రం అక్షరాల దగ్గరే ఆగిపోయింది. 22 అక్షరాలు, పూర్తయ్యాయి కదా, ఇంకేముంది అనుకున్నాను.

ఒకరోజు సబా కూతురు ఆఫీసు నుంచి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. నాలుగు అంకె, దాని పక్కన మూడక్షరాల మాట. సామెఖ్, పే, రేష్, అంటే స్, ప్ లేదా ఫ్, ర్. ఆ మూడూ నాకు తెలుసు. సేఫెర్, అంటే పుస్తకం. ఓహో, నాలుగింటికి ఆయనకి పుస్తకం ఇవ్వమంటోంది అనుకున్నాను. సరిగ్గా నాలుగింటికి సబాని బాల్కనీలో కూర్చోబెట్టి, కళ్లజోడు తుడిచి పెట్టి, లావుపాటి పుస్తకం ఒకటి ఒళ్లో పెట్టాను. ఆయన నా మొహం చూశాడు, పుస్తకం చూశాడు, ఏమీ అనలేదు. నాలుగుంబావుకి వీధి చివర సెలూన్ నుంచి ఫోన్. తాతగారు ఇంకా రాలేదేమిటని. ఆ మూడక్షరాలే సపర్ కూడానట. సపర్ అంటే క్షవరం చేసే ఆయన.

అంతటితో అయిపోలేదు. అవే మూడక్షరాలు సఫర్ అని చదివితే లెక్కపెట్టాడు. సిపెర్ అని చదివితే కథ చెప్పాడు. స్ఫర్ అంటే సరిహద్దు. వాక్యాన్ని బట్టి తెలిసిపోతుంది అంటారు. నిజమే, ఆ మాట ముందే తెలిసినవాడికి తెలుస్తుంది. సపర్ అనే మాటే అప్పటికి నేను వినలేదు, నాకెలా తెలుస్తుంది?

ఆ రాత్రి ఈ సంగతి విని ఇల్లంతా నవ్వింది. సబా నవ్వలేదు. మనవరాలి ఒకటో తరగతి వాచకం తెమ్మన్నాడు. ఇజ్రాయెల్‌లో పేపర్లలో, షాపుల బోర్డుల మీద, మెసేజ్‌లలో అచ్చులు ఉండవు. చిన్నపిల్లల పుస్తకాల్లో, ప్రార్థన పుస్తకాల్లో, కవిత్వంలో ఉంటాయి. అక్షరాల కింద, పైన, కడుపులో చిన్న చిన్న చుక్కలు, గీతలు. వాటన్నిటినీ కలిపి నికూద్ అంటారు, అంటే చుక్కలు పెట్టడం. సబా వణుకుతున్న వేలు మొదటి అక్షరం కింద పెట్టి రాగం తీశాడు: "కొమెత్స్ అలెఫ్, ఓ. కొమెత్స్ బేస్, బో."

ఆయన పోలండ్‌లో పుట్టినవాడు. అక్కడ యూదు పిల్లల్ని చిన్నప్పుడే వేసే బడిని హేదెర్ అనేవాళ్లు. ఆ బడి పాట అది. కొమెత్స్ అన్నది అచ్చు గుర్తు పేరు, అలెఫ్, బేస్ అక్షరాలు. నాకు మా పల్లె బడి, చాప, పలక అన్నీ కళ్లముందుకు వచ్చేశాయి. కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు. అచ్చం అదే రాగం అంటే మీరు నమ్మరు. చుక్కల దడుపు ఆ క్షణంలోనే పోయింది. ఇవి కొత్త అక్షరాలు కావు, గుణింతం! అక్షరం హల్లు, కింద ఉన్నది గుడో కొమ్మో. ముందు అక్షరం, తర్వాత దాని గుర్తు. కుడి నుంచి ఎడమకు పోవడం ఒక్కటే తేడా.

ఈలోగా పక్కన కూర్చున్న మనవరాలు ఊరుకుంటుందా? "సబా, ఓ కాదు, ఆ! కమత్స్ అంటే ఆ అని మా టీచర్ చెప్పింది" అంది. ఒకే గుర్తు, తాత నోట్లో కొమెత్స్, ఓ; మనవరాలి నోట్లో కమత్స్, ఆ. ఆయన వారానికోసారి వచ్చే పండుగని షబ్బోస్ అంటాడు, ఆ పిల్ల షబ్బత్ అంటుంది. రెండో అక్షరం కింద ఉన్నది ఆ కమత్సే. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. ఈ గుర్తు పెట్టినవాళ్ల ఉచ్చారణలో అది 'ఆ'కీ 'ఓ'కీ మధ్య ధ్వని. డాక్టర్, ఆఫీస్ అన్న ఇంగ్లిష్ మాటల్లో ఉండేలాంటిది. మనం వాటిని 'ఆ' వైపు లాగి డాక్టరు, ఆఫీసు అన్నాం. అలాగే తూర్పు యూరప్ యూదులు కమత్స్‌ని ఓ వైపు లాగారు, స్పెయిన్ నుంచి చెదిరినవాళ్లు 'ఆ' వైపు. ఇజ్రాయెల్ బడి రెండోదాన్ని పట్టుకుంది.

ఇక గుర్తుల సంగతి. పేర్లు బట్టీ పట్టకండి, ఆకారం చూసి నోరు తెరవండి. అక్షరం కింద చిన్న అడ్డగీత, పతాహ్, అ. ఆ గీతకు కింద చిన్న కాడ ఉంటే, సుత్తిని పిడి కిందికి పెట్టినట్టు, అది కమత్స్, అదీ అ. కింద ఒకే చుక్క ఉంటే ఇ. పక్కపక్కన రెండు చుక్కలు, ఎ. మూడు చుక్కలు మన పొయ్యి రాళ్లలా, పైన రెండు కింద ఒకటి, అదీ ఎ. మూడు చుక్కలు మెట్లలా ఏటవాలుగా దిగితే ఉ. అక్షరం ఎడమ భుజం మీద ఒక చుక్క ఉంటే ఒ. వావ్ అనే అక్షరం పొడుగు గీతలా ఉంటుంది. దాని నెత్తిన చుక్క పెడితే ఒ, కడుపులో పెడితే ఉ, ఏమీ లేకపోతే అది మామూలు వ. అంతే. పలికేవి ఐదే అచ్చులు. పదహారు అచ్చులు దిద్దినవాళ్లం మనం, ఐదింటికి టెన్షన్ దేనికి?

కానీ మన తెలుగే ఇక్కడ రెండు చోట్ల కాలికి అడ్డం పడుతుంది.

మొదటిది తలకట్టు. మన క అంటే క్ కాదు, అందులో అ ఉంది. హీబ్రూ అక్షరంలో అ లేదు. గుర్తు లేని అక్షరం పొల్లు. సేఫెర్ చివర రేష్ కింద ఏమీ ఉండదు, అందుకే ర కాదు, ర్. నేను ఆరు నెలలు ప్రతి మాట చివరా ఒక అ తగిలించి చదివాను. వినేవాళ్లకి పాట పాడుతున్నట్టు ఉండేదట. అసలు అలెఫ్ కూడా అ కాదు. దానికి సొంత శబ్దం లేదు, అది ఖాళీ పీట. మనం అకే గుడి పెట్టి ఇ అని చదివితే ఎలా ఉంటుందో, అలెఫ్ కింద ఒక చుక్క పెడితే అలా ఇ.

రెండోది దీర్ఘాలు. ఒకే ధ్వనికి రెండు గుర్తులు కనబడగానే మన చెవి ఒకటి హ్రస్వం, ఒకటి దీర్ఘం అని పంచేస్తుంది. మీ పాఠ్యపుస్తకంలో కూడా పతాహ్ పొట్టి, కమత్స్ పొడుగు అని ఉండొచ్చు. వ్యాకరణానికి అది అవసరమే, గుర్తు పెట్టుకోండి. నోటికి మాత్రం అవసరం లేదు. రమత్ గన్ వీధుల్లో ఆ తేడా ఎవరూ పలకరు, ఎవరికీ వినబడదు. పైగా కొన్ని మాటల్లో కమత్స్ ఇప్పటికీ ఒ అనే పలుకుతుంది. జ్ఞానం అనే మాట చూడండి, హోఖ్మా. మొదటి కమత్స్ ఒ, రెండోది ఆ. ఒకే గుర్తు, పక్కపక్కనే రెండు పలుకులు. అన్యాయం అనిపిస్తుంది. మరి మనం మేకలో ఏ ఒకలా, మేకులో ఏ ఇంకోలా పలకట్లేదా? ఎవరైనా చెప్తేనే గమనిస్తాం. ఇవీ అంతే, వినగా వినగా పట్టుబడతాయి.

ఒకదాని కింద ఒకటి రెండు చుక్కలు ఉంటే అది ష్వా. చాలాచోట్ల అది మన పొల్లే. బైబిల్ చదివేటప్పుడు మాట మొదట్లో వస్తే మాత్రం సగం మింగిన 'ఎ' లాగా పలుకుతుంది. ఇది ఎప్పుడు పలకాలి, ఎప్పుడు మింగాలి అని మీ లెక్చరర్ ఒక పూట క్లాసు చెప్తారు, దాన్ని ఇక్కడ ముట్టుకోను. ఒక దొంగ పతాహ్ కూడా ఉంది, అది నిజంగా దొంగే. మాట చివర హేత్ అక్షరం కింద కూర్చుని, ఆ అక్షరం కంటే ముందే పలుకుతుంది. మన బైబిల్లో నోవహు ఉన్నాడు కదా, హీబ్రూలో నోఆఖ్. కింద గీత చూసి నోఖ అని చదివితే తప్పు. మన గుణింతంలో ఇలాంటిది లేదు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. హీబ్రూ మాట మీద తెలుగులో రాసుకోకండి. రాసుకోవద్దని మీ లెక్చరర్ చెప్పకపోయినా రాసుకోకండి. నేను ఒక నోట్‌బుక్ నిండా రాసుకున్నాను. తెలుగు ఎడమ నుంచి కుడికి, హీబ్రూ కుడి నుంచి ఎడమకు. అంటే మన మొదటి అక్షరం వాళ్ల చివరి అక్షరం నెత్తిన కూర్చుంటుంది. సేఫెర్ మీద తెలుగు రాస్తే 'సే' వచ్చి రేష్ మీద పడుతుంది. కన్ను తెలుగునే చదువుతుంది, కింద చుక్కలు దుమ్ములా ఉండిపోతాయి. ఆ నోట్‌బుక్ లేకుండా బస్సు బోర్డు కూడా చదవలేకపోయాను. సబా ఒకరోజు దాన్ని చూసి, అడక్కుండానే పైన అలమరాలో పెట్టేశాడు. మంచి పని చేశాడు. నా పుస్తకం ఆయన ఎందుకు తీశాడని ఆ రోజు మాత్రం ఒళ్లు మండింది.

ఈ చుక్కలు ఎక్కడివి అని అడగాలి మీరు. మీ బైబిల్లో తిబెరియ సముద్రం అని ఉన్న గలిలయ సరస్సు, దాని ఒడ్డున తిబెరియ ఊరు. సెలవు రోజు ఒకసారి వెళ్లాను, చేపలు బాగుంటాయి. అక్కడ సుమారు 7 నుంచి 10వ శతాబ్దం మధ్య మసోరెతులు అనే పండితులు ఈ గుర్తులు కుదిర్చారు. లేఖనాల అక్షరాన్ని కదపకూడదు, కొత్తది చేర్చకూడదు. మరి తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన పఠనాన్ని కాగితం మీద ఎలా పెట్టాలి? అక్షరాన్ని ముట్టకుండా దాని చుట్టూ చుక్కలు పెట్టారు. వాళ్లలో బెన్ అషేర్ కుటుంబం పేరున్నది. ఆ ఇంటి అహరోన్ చుక్కలు పెట్టిన అలెప్పో ప్రతి అనే చేతిరాత బైబిల్ 930 ప్రాంతానిది, ఇప్పుడు యెరూషలేములో ఉంది. 1008 ప్రాంతంలో కైరోలో రాసిన ఇంకో ప్రతి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. థియాలజీ కాలేజీల్లో ఎక్కువగా వాడే హీబ్రూ బైబిల్‌కు మూలం అదే. యూదుల ప్రార్థనామందిరంలో చదివే తోరా (మోషే ఐదు పుస్తకాలు) చుట్టలో మాత్రం ఇవాళ్టికీ ఒక్క చుక్క ఉండదు. చదివేవాడు చుక్కలున్న పుస్తకంలో ముందుగా నేర్చుకుని, చుక్కల్లేని చుట్ట ముందు నిలబడాలి. సబా పదమూడో ఏట అలాగే నిలబడ్డాడట, కాళ్లు వణికాయట.

చుక్క మారితే ఏమవుతుందో మీ బైబిల్లోనే ఉంది. ఆదికాండం 47వ అధ్యాయం చివరి వచనంలో ముసలి యాకోబు మంచపు తలాపి మీద వంగుతాడు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం 21వ వచనంలో అదే యాకోబు చేతికర్ర మొదలు మీద ఆనుకుంటాడు. చిన్నప్పుడు మా సంఘంలో ఒకరు, మంచం మీద కూర్చుని కర్ర పట్టుకున్నాడు అని సర్దిచెప్పారు. అసలు మాట మూడక్షరాలు: మేమ్, టేత్, హే. మేమ్ కింద ఒక చుక్క, టేత్ కింద కమత్స్ పెడితే మిట్టా, మంచం. మేమ్ కింద గీత, టేత్ కింద పొయ్యి రాళ్లు పెడితే మట్టె, కర్ర. చుక్కలు పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందు గ్రీకులోకి అనువదించినవాళ్లు కర్ర అని చదివారు. హెబ్రీ పత్రిక ఆ గ్రీకు పాఠాన్నే తీసుకుంది. తిబెరియ పండితులు మంచం అని చుక్కలు పెట్టారు. ఎవరిది సరి అన్నది మీ ప్రొఫెసర్ల టీ టైమ్ గొడవ, నేను దూరను.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్తాను. యెహోవా అని మనం పలికే నాలుగక్షరాల నామాన్ని యూదులు పైకి పలకరు. అక్కడికి రాగానే అదోనాయ్, అంటే ప్రభువు అని చదువుతారు. అది గుర్తుండాలని ఆ నాలుగక్షరాలకు అదోనాయ్ అచ్చుల గుర్తులు పెట్టారు. అక్షరాలు ఒకదానివి, అచ్చులు ఇంకోదానివి. యూరప్ క్రైస్తవులు రెంటినీ కలిపి చదివారు, ఆ పలుకే మన దాకా వచ్చింది. నేను సబా బైబిల్లో దాన్ని అలాగే పైకి చదివేశాను. ఆయన పుస్తకం మెల్లగా మూసి, "ఆ చుక్కలు ఆ అక్షరాలవి కావు" అన్నాడు. వాదన పెట్టలేదు. మర్నాడు మళ్లీ పుస్తకం తెరిచాడు.

సరే, చాలాసేపు మాట్లాడాను. ఇప్పుడు మీ పుస్తకాలు తెరవండి. కుడివైపు నుంచి, ఆదికాండం మొదటి మాట. వేలు పెట్టండి. మొదటి అక్షరం బేత్, కడుపులో చుక్క ఉంది కాబట్టి వ కాదు, బ. కింద నిలువుగా రెండు చుక్కలు, మాట మొదట్లో ఉన్నాయి కాబట్టి సగం మింగిన ఎ. బె. తర్వాత రేష్, కింద పక్కపక్కన రెండు చుక్కలు. రే. తర్వాత అలెఫ్, కింద ఏమీ లేదు, ఖాళీ పీట, దాటేయండి. తర్వాత మూడు కొమ్మల అక్షరం. కుడి కొమ్మ మీద చుక్క ఉంటే ష, ఎడమ కొమ్మ మీద ఉంటే స. చూడండి, ఎటు ఉంది? కుడి. కింద ఒక చుక్క, పక్కన యోద్. షీ. చివర తావ్, కింద ఏమీ లేదు. త కాదండీ, త్.

మొదటి బెంచీ నుంచి ఒక్కొక్కరూ పైకి చదవండి. రాగం తీసినా పర్వాలేదు.