పోర్షే 911 జీటీ3 రివ్యూ: ముందు చక్రాలు మాట వినాలంటే

నమస్కారం. ఈ రోజు 992 తరం (911లో ఒక తరానికి కంపెనీ పెట్టిన కోడ్ ఇది) పోర్షే 911 జీటీ3, అంటే ట్రాక్ కోసం పదునుపెట్టిన 911 గురించి మాట్లాడుకుందాం. 9,000 ఆర్‌పీఎం దాకా తిరిగే 4.0 లీటర్ల ఇంజిన్ గురించీ, దాని శబ్దం గురించీ ఇప్పటికే ఎందరో చెప్పారు. నేను వాటి జోలికి పోను. ఈ వీడియో అంతా ముందు చక్రాల గురించే. ఇంజిన్ వెనక ఉన్న కారును ట్రాక్ మీద నడిపే ప్రతి ఒక్కరూ కుస్తీ పట్టేది వాటితోనే.

911లో ఇంజిన్ వెనక ఇరుసు దాటి, ఇంకా వెనక్కి వేలాడుతూ ఉంటుంది. అందుకే కారు బరువులో ఇంచుమించు 60 శాతం వెనక చక్రాలే మోస్తాయి. వెనక బస్తాలు ఎక్కువైన ఎడ్లబండికి కాడి పైకి లేచినట్టు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఈ కారు ముక్కు లేస్తుంది. టైరు రోడ్డును పట్టుకోవాలంటే దాని మీద బరువు పడాలి. ముక్కు లేచిందంటే ముందు టైర్ల పట్టు తగ్గిపోయినట్టే.

ఇది ట్రాక్ మీద ఎలా తెలుస్తుందో చూడండి. ముందు ఇంజిన్ కార్ల మీద నేర్చుకున్నవాళ్లు సాధారణంగా తిన్నగా వెళ్తూనే బ్రేకు వేస్తారు, దాన్ని పూర్తిగా వదిలేస్తారు, ఆ తర్వాతే స్టీరింగ్ తిప్పుతారు. ఆ కార్లలో ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. 911లో మాత్రం బ్రేకు వదిలిన క్షణంలోనే ముందు టైర్ల మీద బరువు తగ్గిపోతుంది. స్టీరింగ్ తిప్పినా కారు మలుపు బయటి అంచు వైపే జారుతుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. కంగారుపడి స్టీరింగ్‌ను ఇంకా తిప్పితే ముందు టైర్లు మరింత అరుస్తాయి తప్ప కారు తిరగదు.

చేయవలసింది వేరే. మలుపులోకి దిగుతున్నప్పుడు కూడా బ్రేకు మీద కాస్త ఒత్తిడి ఉంచాలి. స్టీరింగ్ కోణం పెరిగేకొద్దీ పాదాన్ని కొంచెం కొంచెంగా వదలాలి. ట్రాక్ భాషలో ఇది ట్రెయిల్ బ్రేకింగ్. పాదం కిందున్న ఆ కాస్త ఒత్తిడితో ముక్కు కిందికి వంగే ఉంటుంది, ముందు టైర్లు కరుచుకుంటాయి. ఈ కారు సగం స్టీరింగ్‌తో, సగం బ్రేకు పెడల్‌తో తిరుగుతుందని నా గట్టి అభిప్రాయం. ఇది ఒంటబట్టేదాకా 911 మీద తీర్పు చెప్పకండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీశారనుకోండి. బరువంతా ముందుకు దూకుతుంది, ముందు టైర్లకు పట్టు అమాంతం పెరుగుతుంది, వెనక తేలికవుతుంది. ఇరుసు వెనక ఉన్న ఇంజిన్ లోలకంలా బయటికి ఊగుతుంది. పాత 911లకు చెడ్డపేరు తెచ్చింది ఈ గుణమే. 1975లో వచ్చిన 911 టర్బోలో ఇది ఇంకా ప్రమాదకరంగా ఉండేది. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఆలస్యంగా అందుకునేది. మలుపు మధ్యలో శక్తి ఒక్కసారిగా వచ్చిపడగానే కాలు తీసినవాళ్లు వెనక్కి తిరిగి గడ్డిలో పడేవారు.

పోర్షే ఇంజనీర్లకు ఇది మొదటి నుంచీ తెలుసు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కారును చూపించారు. తర్వాత కొన్నేళ్లు, ముక్కుకు బరువు చాలక ముందు బంపర్ మూలల్లో ఒక్కోవైపు 11 కిలోల ఇనుప దిమ్మలు బిగించారు! 1969 మోడల్‌లో వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపి వీల్‌బేస్‌ను (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరాన్ని) 2,268 మిల్లీమీటర్లు చేశారు. ఒక బ్యాటరీకి బదులు రెండు పెట్టి, ముందు రెండు మూలలకూ పంచారు. 2011లో వచ్చిన 991 తరంలో వీల్‌బేస్ మరో 100 మిల్లీమీటర్లు పెరిగింది. టైర్లలోనూ వెనక బరువును లెక్కలోకి తీసుకోవాలి, ఇది మన టాటా నానోలోనూ కనిపిస్తుంది. ఇంజిన్ వెనక ఉంది కాబట్టి దాని వెనక టైర్లు 155 మిల్లీమీటర్ల వెడల్పు, ముందువి 135. జీటీ3లో ముందు 255, వెనక 315.

ఇక అసలు మార్పుకు వస్తాను. 2021 జీటీ3కి ముందు చక్రాల దగ్గర డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఇచ్చారు, అంటే ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టుకుంటాయి. రోడ్డు మీద తిరిగే 911కు ఇది మొదటిసారి. ఆలోచన 911 ఆర్ఎస్ఆర్ అనే పోర్షే రేసు కారు నుంచి వచ్చింది. అంతకు ముందున్న మెక్‌ఫెర్సన్ స్ట్రట్ అనే సస్పెన్షన్‌లో కుదుపులను అణిచే డ్యాంపరే చక్రాన్ని నిలబెట్టాలి. మలుపులో టైరు పక్కకు నెట్టే బలాన్నీ అదే భరించాలి. ఆ ఒత్తిడికి లోపల రాపిడి పెరిగి, చిన్న గతుకులకు డ్యాంపర్ స్వేచ్ఛగా కదలలేదు. కారు ఒరిగినప్పుడు టైరు నేలను పూర్తిగా ఆనుకోదు. విష్‌బోన్లు ఆ పక్క బలాన్ని తమ మీద వేసుకుంటాయి. డ్యాంపర్‌కు పైకీ కిందికీ కదిలే పని ఒక్కటే మిగులుతుంది.

స్టీరింగ్ తిప్పిన మొదటి క్షణంలోనే ఈ తేడా తెలుస్తుంది. 991 జీటీ3లో ముక్కు కదలడానికి ముందు ఒక చిన్న నిరీక్షణ ఉండేది. ఇందులో అది దాదాపుగా లేదు. వెనక చక్రాలు కూడా కొద్దిగా తిరుగుతాయి, కానీ అది 991 జీటీ3లోనూ ఉండేది. జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె ట్రాక్‌లో, 20.6 కిలోమీటర్ల పాత కొలత ప్రకారం, 2017 జీటీ3 సమయం 7 నిమిషాల 12.7 సెకన్లు. పోర్షే టెస్ట్ డ్రైవర్ లార్స్ కెర్న్ నడిపిన ఈ కారు సమయం 6 నిమిషాల 55.34 సెకన్లు. పదిహేడు సెకన్ల పైనే తేడా, అదీ పది హార్స్‌పవర్ మాత్రమే పెరిగిన కారుతో! ఏరోడైనమిక్స్‌కూ టైర్లకూ అందులో వాటా ఉంది, కానీ ముందు సస్పెన్షన్ లేకుండా ఇది సాధ్యమయ్యేది కాదని నేను నమ్ముతున్నాను.

అయినా బరువు ఎక్కడికీ పోలేదు. దీర్ఘ మలుపుల్లో యాక్సిలరేటర్‌ను తొందరపడి తొక్కితే ముక్కు ఇప్పటికీ బయటికి జరుగుతుంది. ఇంకో విషయం చాలామంది గమనించరు. ఈ కారులో పెట్రోలు ట్యాంకు ముందు ఉంటుంది. 64 లీటర్లంటే సుమారు 48 కిలోలు. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ముక్కు తేలికవుతుంది, ఉదయం బాగా తిరిగిన మలుపులోనే సాయంత్రం అండర్‌స్టీర్ మొదలవుతుంది. సస్పెన్షన్ సెట్టింగులు మార్చే ముందు పెట్రోలు ముల్లు చూడండి. మొదటి ల్యాపులో కూడా జాగ్రత్త అవసరం. వెనక టైర్లకు బరువూ ఇంజిన్ శక్తీ ఉన్నాయి, త్వరగా వేడెక్కుతాయి. ముందువి ఆలస్యంగా మేలుకుంటాయి.

కొనవచ్చా? ట్రాక్ కోసమైతే, 991 ఉన్నవాళ్లు కూడా ముందు భాగం కోసమే మారవచ్చు. గతుకుల రోడ్ల మీద రోజూ నడపాలంటే వద్దంటాను. స్ప్రింగులు బాగా బిగువు, స్టీరింగ్ రోడ్డు మీది ప్రతి గాడినీ వెతుక్కుంటుంది. మొదటిసారి వెనక ఇంజిన్ కారు తీసుకునేవాళ్లు మామూలు 911 అయిన కరెరాతో ఆ బ్రేకు పాదాన్ని సాధన చేసి, తర్వాత దీని దగ్గరికి రండి.