మేకులు మోగుతున్నాయా? ఇల్లు దొరికినట్టే

[దృశ్యం: మోకాలి ఎత్తు గడ్డి. డిటెక్టర్ కాయిల్ నేలకు ఆనీ ఆనకుండా అటూ ఇటూ ఊగుతోంది. శబ్దం: గుర్ర్... గుర్ర్... గుర్ర్... టిక్... గుర్ర్]

విన్నారా? మెటల్ డిటెక్టర్ కొత్తగా కొన్నవాళ్లకు చిరాకు తెప్పించే శబ్దం ఇదే. ఇనుము. అడుగు తీసి అడుగు వేస్తే ఇనుమే. పది నిమిషాలు ఓపిక పట్టి, "ఇక్కడంతా చెత్తే" అనుకుని పక్కకు వెళ్లిపోతారు. అక్కడ గోల ఉండదు, హాయిగా ఉంటుంది. నాణేలు కూడా ఉండవు.

పాడుబడిన ఇళ్లు ఉన్న చోట పాత నాణేలు, చిన్న చిన్న వస్తువులు ఎలా వెతుకుతారో ఈ వీడియోలో చూద్దాం. లంకెబిందెల కోసం వచ్చినవాళ్లు ఇప్పుడే వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను. మనం మాట్లాడుకునేది ఒక కుటుంబం తరతరాలు బతికిన చోట జేబులోంచి జారిపోయిన చిల్లర గురించి, తెగి పడిన గుండీ గురించి, ఇల్లంతా వెతికినా దొరకని తాళంచెవి గురించి.

[దృశ్యం: కాయిల్ దగ్గరగా. లోపలి రాగితీగ చుట్ల బొమ్మ]

ముందు మిషన్ సంగతి. ఈ పళ్లెంలాంటి దాన్ని కాయిల్ అంటారు. ఇందులో రెండు తీగచుట్లు ఉంటాయి. ఒకదానిలో కరెంటు సెకనుకు వేలసార్లు దిశ మార్చుకుంటూ పారుతుంది. దాంతో నేలలోకి ఒక అయస్కాంత క్షేత్రం వెళ్తుంది. అది ఏ లోహానికైనా తగిలితే ఆ లోహంలో చిన్న చిన్న కరెంటు సుడులు పుడతాయి. ఆ సుడులు తమ సొంత క్షేత్రాన్ని వెనక్కి పంపిస్తాయి. రెండో చుట్టు వినేది దాన్నే. తిరిగొచ్చిన జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి లోపల ఉన్నది వెండిలాంటిదా, ఇనుములాంటిదా అని మిషన్ ఊహిస్తుంది. అవును, ఊహే. తెర మీద కనిపించే నంబర్‌ని తీర్పు అనుకోకండి.

లోతు గురించి కూడా ఆశలు తగ్గించుకోవాలి. మామూలు కాయిల్‌తో నాణెం అంత వస్తువు దొరికేది ఇరవై, ఇరవై ఐదు సెంటీమీటర్ల లోపే. నాణెం నిలువుగా పడి ఉంటే అంత కూడా ఉండదు.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌ మీద కాల్పులు జరిగాయి. తూటా ఒంట్లోనే ఉండిపోయింది. ఎక్స్‌రే ఇంకా పుట్టలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ హడావిడిగా ఒక పరికరం తయారుచేసి తెచ్చాడు. తీగచుట్లతో లోహాన్ని పసిగట్టే పరికరం, అంటే మన చేతిలో ఉన్నదానికి ముత్తాత. పరీక్షల్లో చక్కగా పనిచేసింది. అధ్యక్షుడి మంచం దగ్గర మాత్రం ఎటు పెట్టినా మోగింది, తూటా జాడ మాత్రం తేలలేదు. కారణం పరుపులోని లోహపు స్ప్రింగులని తర్వాత చెప్పుకున్నారు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. తూటా కుడివైపే ఉందని నమ్మిన వైద్యుడు ఆ వైపే వెతకనిచ్చాడు. తూటా ఎడమవైపు ఉంది. సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు.

ఈ కథ ఎందుకంటే, పాడుబడ్డ ఇంటి దగ్గర మనకు ఎదురయ్యేవి కూడా సరిగ్గా ఈ రెండు ఇబ్బందులే. పరుపు స్ప్రింగుల బదులు మేకులు. తప్పు వైపు వెతికేది మనం.

[దృశ్యం: అరచేతిలో మూడు తుప్పు పట్టిన మేకులు]

మేకుల్ని తిట్టుకోవడం మానేయండి. చెక్కతో కట్టిన ఇల్లు కూలితే చెక్క పుచ్చిపోతుంది, ఇటుకలు ఎవరో ఎత్తుకుపోతారు, రాళ్లు ఇంకో గోడలోకి చేరతాయి. మేకులు ఎవరికీ అక్కర్లేదు, అవి అక్కడే ఉండిపోతాయి. ఒక ఇంట్లో వేల మేకులు ఉంటాయి కాబట్టి, పైన ఏమీ కనిపించని బీడులో గుర్రుమనే శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుంటూ నడిస్తే ఇంటి కొలతలే వచ్చేస్తాయి. నేనైతే మొదటి అరగంట ఏమీ తవ్వను. శబ్దం మారిన చోటల్లా ఒక పుల్ల గుచ్చుకుంటూ పోతాను. చివర్లో వెనక్కి తిరిగి చూస్తే పుల్లల మధ్య ఒక నలుచదరం కనిపిస్తుంది. నాణెం దొరికినప్పటి కన్నా అప్పుడే నాకు ఎక్కువ సంబరం.

మేకులు ఇంటి వయసు కూడా చెబుతాయి. అమెరికా, ఐరోపాల్లో ఈ లెక్క బాగా పనికొస్తుంది. ఒకటి తవ్వి తుప్పు కాస్త రాల్చి చూడండి. నాలుగు వైపులా సన్నబడుతూ, తల మీద సుత్తి దెబ్బలు కనిపిస్తే అది కమ్మరి చేత్తో చేసిన మేకు. సుమారుగా 1800కి ముందుది. రెండు వైపులే సన్నబడి, మిగతా రెండు వైపులా ఒకే మందంతో ఉంటే రేకు నుంచి మిషన్‌తో కోసిన మేకు; పందొమ్మిదో శతాబ్దం. గుండ్రటి తీగతో చేసింది, అంటే ఈ రోజు మన ఇంట్లో ఉండే రకం, అమెరికాలో 1890ల నుంచి అన్నింటినీ వెనక్కి నెట్టేసింది. పాత మేకుల్ని దాచి మళ్లీ వాడుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక్క మేకు మాట నమ్మకండి. పది చూడండి.

[దృశ్యం: పాత సర్వే మ్యాప్ మీద నల్లటి చిన్న చతురస్రాలు. దాని మీదకు ఉపగ్రహ చిత్రం వస్తుంది]

అసలు ఆ బీడు దాకా ఎలా వెళ్తాం? ఎక్కువ పని ఇంట్లో కూర్చునే జరుగుతుంది. పాత సర్వే మ్యాపుల్లో ఇళ్లను చిన్న నల్లటి గళ్లుగా గుర్తు పెట్టేవారు. వాటిని ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూస్తే, అప్పట్లో గడి ఉండి ఇప్పుడు చెట్లు మాత్రమే ఉన్న చోట్లు బయటపడతాయి. విమానం నుంచి లేజర్‌తో నేలను కొలిచే లైడార్ చిత్రాలు కొన్ని దేశాల్లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో అడవిని చెరిపేసినట్టు తీసేసి కింద ఉన్న పునాదుల గట్లను, పాత బండిబాటలను చూడొచ్చు.

అక్కడికి వెళ్లాక కళ్లే మిషన్. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చిన్న గట్టుకు కూడా నీడ ఉంటుంది. ఎండలు ముదిరేటప్పుడు రాతి పునాది మీద ఉన్న గడ్డి మిగతా గడ్డి కన్నా ముందే పసుపెక్కుతుంది. అడవిలో తనంతట తాను మొలవని పూలమొక్క ఒకటి వరసగా పెరిగి ఉంటే, దాన్ని ఎవరో ఒకరు గుమ్మం ముందు నాటారన్నమాట. మనుషులు పోయి వందేళ్లయినా ఆ వరస చెదరదు.

[దృశ్యం: చేత్తో గీసిన ఇంటి పటం]

ఇప్పుడు ఇల్లు దొరికింది, నలుచదరం తెలిసింది. నాణేలు ఎక్కడ? ఆ ఇంట్లో మీరే ఉంటున్నట్టు అనుకోండి. పొద్దున లేచి నీళ్ల కోసం ఎటు నడుస్తారు? గుమ్మం నుంచి బావి దాకా ఉన్న దారి అన్నిటికన్నా ముఖ్యం. తర్వాత మెట్ల పక్కన, ఎండాకాలం కూర్చునే పెద్దచెట్టు నీడ, బట్టలు ఆరేసే చోటు. చొక్కా తిరగేసి దులిపితే జేబులో మిగిలినవి అక్కడే రాలతాయి. చెక్క నేల ఉన్న ఇల్లయితే పలకల సందుల్లోంచి జారినవి పునాది లోపలే ఉంటాయి. బొగ్గు, కరిగి ముద్దైన గాజు తగిలాయంటే ఆ ఇల్లు కాలిపోయి ఉండొచ్చు.

కానీ ఇవన్నీ గుర్రుమనే మేకుల మధ్యే. మిషన్ ఇనుము జవాబు విని, దాన్ని మింగి, మళ్లీ చెవి పెట్టడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణంలో పక్కనే ఉన్న వెండి నాణెం మీదుగా మనం దాటిపోతాం. అందుకే ఇలాంటి చోట పెద్ద కాయిల్ విప్పేసి ఆరంగుళాల చిన్నది తగిలించాలి. ఒకేసారి తక్కువ మేకులు దాని కిందకు వస్తాయి. చాలా నెమ్మదిగా ఊపాలి. ఉత్తర దక్షిణాలుగా ఒకసారి, తూర్పు పడమరలుగా ఇంకోసారి నడవాలి. ఒకవైపు నుంచి మేకు చాటున దాక్కున్నది రెండోవైపు నుంచి టింగ్ అనొచ్చు.

ఇంకో మాట. ఇనుమును పూర్తిగా వినపడకుండా చేసే డిస్క్రిమినేషన్ సెట్టింగ్ ఒకటుంది, టెంప్టింగ్‌గా ఉంటుంది. ఇంటి స్థలంలో దాన్ని ఎక్కువ వాడొద్దు. ఇల్లే వినపడకుండా పోతుంది. అల్యూమినియం డబ్బా మూతల రింగుల నంబర్లను మూసేసినా నష్టమే, ఎందుకంటే సన్నటి బంగారు ఉంగరాలు చాలావరకు ఆ నంబర్ల మధ్యే పడతాయి. ఇక ఇనుము వేసే పెద్ద మోసం ఏంటంటే, రింగులా గుండ్రంగా ఉన్నదో, పెద్దదో, వంగినదో వెండిలా తియ్యగా మోగుతుంది. నేను అరగంట చెమటోడ్చి తీసిన నా "వెండి" ఒక లాడం. అనుమానం వస్తే తొంభై డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ ఊపండి. నాణెం ఎటు నుంచైనా దాదాపు ఒకేలా మోగుతుంది. ఇనుము చాలాసార్లు మాట మారుస్తుంది.

[దృశ్యం: ఖాళీ తెర. మాట మాత్రమే వినిపిస్తుంది]

తవ్వే ముందు ఆగండి. పాడుబడిన ఇల్లంటే ఎవరిదీ కాని ఇల్లు కాదు. స్థలం యజమాని ఒప్పుకోవాలి, కాగితం మీద అయితే మంచిది. ఆ తర్వాత చట్టం. ఇది దేశానికో రకం. ఇంగ్లండ్‌లో యజమాని ఒప్పుకుంటే వెతకొచ్చు, కానీ 1996 చట్టం ప్రకారం నిధి కిందికి వచ్చేది దొరికితే 14 రోజుల్లో తెలియజేయాలి. అమెరికాలో 1979 చట్టం కింద ఫెడరల్ భూముల్లో వందేళ్లు దాటిన పురావస్తువుల్ని అనుమతి లేకుండా తవ్వడం నేరం. ఐర్లాండ్‌లో పురావస్తువుల కోసం డిటెక్టర్ వాడాలంటేనే ముందు అనుమతి కావాలి. భారత్‌లో 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది: భూమిలో దాగి ఉండి పది రూపాయల విలువ దాటిన ఏదైనా దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. "దొరికింది నాదే" అనే మాట దాదాపు ఎక్కడా చెల్లదు.

ఒంటి జాగ్రత్త కూడా. పాత బావుల నోళ్లు ఆకులతో, పుచ్చిన చెక్కలతో మూసుకుపోయి ఉంటాయి. కర్రతో తడుముతూ నడవండి. ధనుర్వాతం టీకా, మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. యుద్ధాలు జరిగిన నేల అయితే, తవ్వుతుంటే గుండులాంటిది కనిపించగానే చెయ్యి తీసేసి పోలీసులకు ఫోన్ చేయండి.

[దృశ్యం: గడ్డిని మూడు వైపులా కోసి, తలుపులా వెనక్కి మడుస్తున్న చేతులు]

తవ్వడం చూడండి. సిగ్నల్ మీదుగా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి ఊపితే రెండు గీతలు కలిసిన చోట వస్తువు ఉంటుంది. దానికి చుట్టూ నాలుగు వేళ్ల దూరం వదిలి గడ్డను మూడు వైపులే కోయాలి. నాలుగో వైపు గడ్డి వేళ్లు తెగకుండా తలుపులా మడవాలి. మట్టి గుడ్డ మీద పోయాలి. పని అయ్యాక అంతా గోతిలో పోసి, తలుపు మూసి, కాలితో అదమాలి. బాగా చేయి తిరిగినవాళ్లు తవ్విన చోటు వారం తర్వాత వాళ్లకే కనపడదు. యజమాని మళ్లీ రానిస్తాడా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది.

నాణెం బయటికి రాగానే బొటనవేలితో రుద్దబోతారు. వద్దు. ఆ మట్టిలో ఇసుక ఉంది, ఒక్క రుద్దుకు ముఖం గీసుకుపోతుంది. వెండి నేలలో బాగానే నిలుస్తుంది. రాగి మాత్రం చిలుము పట్టి, చాలాసార్లు అక్షరాలన్నీ ఆ పచ్చటి పొరలోనే మిగిలి ఉంటాయి. పొర తీసేస్తే నాణెమే పోయినట్టు. నీళ్లలో నానబెట్టండి, అంతే. చింతపండు, నిమ్మకాయ, బ్రాసో దగ్గరికి కూడా వెళ్లొద్దు. దొరికిన చోటు, లోతు, ఆ రోజు తేదీ రాసిన చీటీతో పాటు కవర్లో వేయండి. చీటీ లేని నాణెం ఏ అంగట్లోనైనా దొరుకుతుంది.

[దృశ్యం: నాగలి సాళ్లున్న పొలం]

ఒకవేళ ఒకటి తీశాక పక్కనే ఇంకోటి, దాని పక్కన ఇంకోటి వస్తుంటే? చేతులు వణుకుతాయి, టెన్షన్. అప్పుడే ఆపాలి. 1992 నవంబర్ 16న ఇంగ్లండ్‌లోని హాక్స్‌న్ అనే ఊళ్లో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. వెతికి పెట్టమని డిటెక్టర్ ఉన్న స్నేహితుడు ఎరిక్ లాస్‌ను అడిగాడు. సిగ్నల్ వచ్చిన చోట తవ్వితే వెండి చెంచాలు, బంగారు నాణేలు బయటపడ్డాయి. లాస్ కొన్ని తీసి, ఇది తన పని కాదని ఆగిపోయి కబురు పంపాడు. మర్నాడే పురావస్తు నిపుణులు వచ్చి మిగతాది తీశారు. దాదాపు 15 వేల రోమన్ నాణేలు. పెట్టె చెక్క ఎప్పుడో పుచ్చిపోయింది, కానీ ఏది ఎక్కడుందో కదలకుండా ఉండడం వల్ల, అది పెద్ద చెక్కపెట్టె అని, లోపల చిన్న పెట్టెలు ఉన్నాయని, వస్తువుల్ని జాగ్రత్తగా సర్ది పెట్టారని తెలిసింది. లాస్‌కు 17.5 లక్షల పౌండ్ల బహుమతి వచ్చింది, రైతుతో పంచుకున్నాడు.

సుత్తి కూడా దొరికింది. ఇప్పుడు అది కూడా నిధితో పాటు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.